ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ నిబంధనలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్ వ్యవహారాలు చూసే అధ్యాపకుణ్ని. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో పిల్లలకు ఏడాది పొడవునా నేర్పుతున్నాం. ఎదుట కూర్చున్నవాళ్లు ఎలాంటివాళ్లో కనిపెట్టడం మాత్రం నేర్పడం లేదు.

కొందరు అభ్యర్థి చేసిన ప్రాజెక్టును ముందే చదివి వస్తారు. 'ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నావు?' అని అడుగుతారు, తడబడితే చిన్న ఆధారం ఇచ్చి ఆలోచించుకోనిస్తారు. చేరాక తప్పు దొర్లితే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది కూడా ఇలాంటివాళ్లేనని మా పూర్వ విద్యార్థులు అంటుంటారు. ఇంకొందరు పిల్లవాడు ఎదురుగా వచ్చి కూర్చున్నాకే రెజ్యూమె తెరుస్తారు. అతని ముందే ఒకరి మాటను ఒకరు కొట్టిపారేస్తారు. ఆ ఉద్యోగంలో చేయాల్సిన పనేమిటో వాళ్లే ఇంకా తేల్చుకోలేదన్నమాట. ఆడపిల్లల్ని 'పెళ్లెప్పుడు చేసుకుంటావు?' అని అడగడం ఇప్పటికీ ఆగలేదు. ఇంటిపేరు విని ఊరు, ఊరు విని వీధి ఆరా తీసేవాళ్లకు కావాల్సిందేమిటో మనందరికీ తెలుసు.

విమానంలో గోల్ఫ్ బంతులు ఎన్ని పడతాయన్న తరహా పొడుపు ప్రశ్నలు కొన్నాళ్లు గొప్పగా చలామణి అయ్యాయి. వాటివల్ల అభ్యర్థి గురించి తెలిసేదేమీ లేదని, అడిగేవాడికి తాను తెలివైనవాణ్నన్న తృప్తి మాత్రం మిగులుతుందని అప్పటి గూగుల్ మానవ వనరుల విభాగాధిపతి లాస్లో బాక్ 2013లోనే బాహాటంగా చెప్పారు. మన దగ్గర మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.

శ్రీనగర్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ ప్రవేశాలపై 1980లో అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఇక్కడ గుర్తు చేయాలి. అక్కడ 150 మార్కుల్లో 50 ఇంటర్వ్యూకే కేటాయించారు. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాల్లో, చదువుతో సంబంధం లేని ప్రశ్నలతో పంపేశారన్నది విద్యార్థుల ఫిర్యాదు. ఇంటర్వ్యూకు 15 శాతానికి మించి మార్కులివ్వడం ఏకపక్షమని కోర్టు తేల్చింది, వీలైతే ఇంటర్వ్యూలను టేపులో రికార్డు చేయాలనీ సూచించింది. ప్రభుత్వ ఆధ్వర్యంలోని సంస్థకు అంత జవాబుదారీతనం పెట్టినప్పుడు, వందలాది పిల్లల్ని ఒక్క రోజులో వడపోసే ప్రైవేటు కంపెనీకి కనీస నియమమైనా ఉండొద్దా?

రాష్ట్ర ఉన్నత విద్యామండలి ప్రాంగణ నియామకాలకు ఒక నిబంధనావళి ప్రకటించాలి. ఇంటర్వ్యూ రౌండ్లు ఎన్నో, బాండు (ఇంతకాలం మానకుండా పనిచేస్తానన్న ఒప్పందం) షరతులేమిటో కంపెనీలు ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. పిల్లలు ఏ బృందంలో పనిచేయబోతున్నారో ఆ బృందం మనిషి ఒకరైనా ప్యానెల్‌లో ఉండాలి. పెళ్లి, కులం ఊసెత్తకూడదు. ఎంపిక కానివారికీ ఫలానా తేదీలోగా ఫలితం చెప్పాలి. నెలల తరబడి మెయిల్ కోసం ఎదురుచూస్తూ మరో అవకాశం వదులుకున్న పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు.

ఈ మాట మా కాలేజీ ఒక్కటే అడిగితే కంపెనీ పక్క కాలేజీకి వెళ్లిపోతుంది. అందుకే అన్ని కాలేజీల తరఫునా మండలే అడగాలి.

– ఒక అధ్యాపకుడు, గుంటూరు జిల్లా