కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి: పహ్లవీ, అరమాయిక్ చదవగలిగేవాళ్లు కావాలి

అయ్యా,

నమస్కారం. కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి భద్రపరుస్తామని 2025 బడ్జెట్‌లో జ్ఞానభారతం మిషన్ ప్రకటించారు. చాలా సంతోషం. కానీ స్కాన్ చేసిన పేజీని చదివేదెవరు? ప్రాచీన ఇరాన్ భాషలైన అవెస్తా, పహ్లవీ గానీ, హీబ్రూ, అరబ్బీలు చేరిన సెమిటిక్ కుటుంబంలోని అరమాయిక్, సిరియాక్ గానీ క్షుణ్ణంగా తెలిసినవాళ్లు మన దేశంలో బాగా తక్కువ. ఉన్నవాళ్లు రిటైరైతే ఎలాగన్నదే నా టెన్షన్.

ఈ భాషలతో మనకేం పని అని మీ శాఖలో ఎవరైనా అడిగితే కొల్లం రాగిరేకులు చూపించండి. క్రీ.శ. 849లో అక్కడి చర్చికి హక్కులిస్తూ రాయించిన శాసనమది. సాక్షులు కొందరు అరబ్బీ కూఫీ లిపిలో, కొందరు పహ్లవీలో, మరికొందరు హీబ్రూ అక్షరాలతో పారశీక భాషలో సంతకాలు చేశారు. ముంబై దగ్గర కన్హేరి గుహల్లోనూ 11వ శతాబ్దపు పహ్లవీ రాతలున్నాయి. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చెక్కినవాడికి, కుడి నుంచి ఎడమకు రాసే ఖరోష్ఠి లిపి అలవాటుందా? ఆ లిపి అరమాయిక్ నుంచి వచ్చిందే కాబట్టి, అరమాయిక్ తెలియకుండా ఈ చర్చ ముందుకు సాగదు.

1323-24లో గుజరాత్‌లో మెహ్రబాన్ కైఖుస్రో అనే జొరాస్ట్రియన్ పురోహితుడు నకలు రాసిన అవెస్తా (ఆ పేరుతోనే ఉన్న వాళ్ల పవిత్ర గ్రంథం) ప్రతులు ఇప్పుడు కోపెన్‌హాగన్, లండన్, ఆక్స్‌ఫర్డ్‌లలో ఉన్నాయి. ఫ్రెంచి పండితుడు ఆంక్వెటిల్ దుపెర్రోన్ సూరత్‌లో పార్సీ దస్తూర్ల (పురోహితుల) దగ్గర చదువుకుని వెళ్లి, 1771లో పారిస్‌లో అవెస్తాకు ఫ్రెంచి అనువాదం అచ్చు వేశాడు. చదువు చెప్పింది ఇక్కడివాళ్లు, ఆచార్య పీఠాలు వెలిసింది యూరప్‌లో. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. నవసారిలోని మెహర్జీ రాణా గ్రంథాలయంలో, ముంబై కామా ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంకా ఎన్నో ప్రతులున్నాయి.

పహ్లవీ నేర్వడం ఒక ఏడాదిలో తేలే పని కాదు. ఒకే అక్షరం నాలుగైదు ధ్వనులకు నిలబడుతుంది. పైగా అరమాయిక్ మాట రాసి, దాన్ని పారశీకంలో చదివే పద్ధతి ఒకటుంది. అందుకే ఇరానీ, సెమిటిక్ భాషలను ఒకేచోట నేర్పాలి. పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ అయిదేళ్లలో చాలా భాగం భాష నేర్చుకోవడానికే పోతుంది.

కనీసం రెండు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఈ భాషలకు శాశ్వత అధ్యాపక పోస్టులు మంజూరు చేయండి. గెస్ట్ ఫ్యాకల్టీతో సరిపెట్టొద్దు. పరిశోధనకు ముందు భాష నేర్చుకోవడానికే విడిగా రెండేళ్ల ఫెలోషిప్ ఇప్పించండి. పదవీ విరమణ చేసిన పండితులను, పార్సీ దస్తూర్లను, కేరళ సిరియాక్ మల్పాన్లను (ఆ భాష నేర్పే చర్చి గురువులను) ఓపిక ఉండగానే పాఠాలకు పిలవండి. వచ్చే బడ్జెట్ కసరత్తు మొదలయ్యేలోపు ఈ ప్రతిపాదనను యూజీసీకి పంపమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
శాసనాలంటే ప్రాణమిచ్చే ఒక తెలుగు పాఠకుడు