మీల్స్ రేటు యాభై సెంట్లు పెరిగింది, ఈసారి బియ్యం వల్ల కాదు

అందరికీ నమస్కారం. మార్చి 1 నుంచి మన దగ్గర ఫుల్ మీల్స్ 14.49 డాలర్లు కాదు, 14.99. బోర్డు మీద అంకె మార్చేసి ఊరుకోవచ్చు, సగం మంది గమనించరు కూడా. కానీ మొన్న ఆదివారం బిల్లు కడుతూ ఒకబ్బాయి, మనం టెక్సాస్ ఇర్వింగ్‌లో షాపు తెరిచిన దగ్గర్నుంచీ వస్తున్నవాడే, కొత్త రేటు సంగతి విని "ఏం బాబాయ్, మళ్ళీ బియ్యం మీదకి తోసేస్తావా?" అన్నాడు. అప్పటికి నవ్వేశాను గానీ రాత్రి షట్టర్ దించేటప్పుడు కూడా ఆ మాటే చెవిలో తిరిగింది, అందుకే ఇది రాస్తున్నాను.

2023 జూలైలో ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు సోనా మసూరి బస్తా కోసం స్టోర్ల ముందు ఎలా ఎగబడ్డామో గుర్తుందిగా, అప్పుడు పెంచిన రేటుకి బియ్యమే కారణం. ఇప్పుడు బియ్యం కాదు, నూనె కాదు, అద్దె కూడా కాదు (అద్దె గురించి ఇంకోసారి తీరిగ్గా ఏడుస్తాను). స్టాఫ్ హెల్త్ ఇన్సూరెన్స్.

జనవరి మొదట్లో రెన్యువల్ కాగితం వచ్చింది. నాతో కలిపి ఏడుగురం ఆ ప్లాన్‌లో ఉన్నాం. నెలకి సుమారు 4,300 డాలర్లు కడుతున్న బిల్లు 4,900 అయింది. ఏడాదికి 7,200 ఎక్కువ. కొత్తగా ఒక్కరూ చేరలేదు, ఒక్క సౌకర్యమూ పెరగలేదు, డాక్టర్ల లిస్టు కూడా అదే.

ఆ పీడీఎఫ్ రెండో పేజీలో ఒక టేబుల్ ఉంటుంది. ఎవరి వయసు ఎంత, ఎవరి రేటు ఎంత, అంతే. పేర్లు చూడక్కర్లేకుండానే వయసుని బట్టి మనిషిని గుర్తుపట్టేయొచ్చు. 24 ఎదురుగా 440 అంటే పార్శిళ్ళు కట్టే మన కుర్రాడు. 59 ఎదురుగా 1,145 అంటే దోశ మాస్టర్. నెలకి, ఒక్క మనిషికి. చిన్న కంపెనీల ప్లాన్లలో ఇక్కడ 2014 నుంచి ఎవరికి ఏ జబ్బుందని చూసి రేటు వేయకూడదు, అది మంచి చట్టమే, కానీ వయసు చూసి వేయొచ్చు. 64 ఏళ్ళ మనిషికి 21 ఏళ్ళ కుర్రాడికన్నా మూడు రెట్ల దాకా వేయొచ్చు. మొన్న నవంబర్‌లో మాస్టర్ పుట్టినరోజుకి కేక్ తెచ్చి అందరం కలిసి కట్ చేయించాం, ఫోటోలు కూడా పెట్టాం, మీలో చాలామంది లైక్ కొట్టారు. టేబుల్లో ఆ 59 చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ కేకే. తర్వాత నా మీద నాకే చిరాకేసింది, ముప్పై ఏళ్ళుగా పెనం ముందు నిలబడ్డ మనిషి వయసుని నేను డాలర్లలో లెక్కేస్తున్నాను కదా అని.

బ్రోకర్ ఫోన్ చేసి మూడు దారులు చెప్పాడు. ఒకటి, మొత్తం ఎత్తేయడం. యాభై మంది ఫుల్‌టైమ్ స్టాఫ్ లేని వ్యాపారం ఇన్సూరెన్స్ ఇచ్చి తీరాలనే రూల్ ఇక్కడ లేదు, మనం పదకొండు మందిమి, రేపు తీసేస్తే నన్ను అడిగేవాడు లేడు. రెండు, డిడక్టిబుల్ పెంచుకోవడం. మూడు, స్టాఫ్ జీతంలోంచి కోత పెంచడం.

రెండో దారి గురించి ఒక విషయం చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పోయినేడాది నేను చేసింది అదే. ప్రీమియం పెరగకుండా చూడాలని 2,500 ఉన్న డిడక్టిబుల్‌ని 5,000 చేశాను. డిడక్టిబుల్ అంటే తెలియనివాళ్ళకి: ఇన్సూరెన్స్ కంపెనీ చెయ్యి కదపకముందు మన జేబులోంచి పోవాల్సిన మొత్తం. ఏడాదికోసారి చేసే చెకప్పు, టీకాలు లాంటివి ఫ్రీయే, మిగతా చాలావాటికి ముందు మనమే పెట్టుకోవాలి. "ప్రీమియం ఒక్క డాలర్ కూడా పెంచలేదు" అని స్టాఫ్ మీటింగ్‌లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మన స్వీట్ల కౌంటర్ దగ్గర ఉండే అక్క మీకందరికీ తెలుసు. (ఆవిడని అడిగే రాస్తున్నాను. "రాసుకో తమ్ముడూ, ఇంకొకరికైనా పనికొస్తుంది" అంది.) వేసవి నుంచీ ఆవిడకి కుడి డొక్కలో నొప్పి. అడిగితే గ్యాస్ అనేది, వాము నమిలేది, మజ్జిగ తాగేది. స్కాన్ తీయించమంటే "అంతా మనమే కట్టాలి కదా, చూద్దాంలే" అనేది. అలా నాలుగు నెలలు. అక్టోబర్‌లో ఒక శనివారం, పెళ్ళి కేటరింగ్ ట్రేలు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాం, ఆవిడ బూందీ లడ్డూ డబ్బాలు లెక్కపెడుతూ లెక్కపెడుతూ అలాగే కింద కూర్చుండిపోయింది. నలభై మూడు దాకా లెక్కపెట్టింది, ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, ఇన్‌ఫెక్షన్ కూడా ముదిరింది, ఆ రాత్రే ఆపరేషన్. ముందే చూపించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నారు. ఆవిడ వాటా ఐదు వేలూ ఇప్పటికీ ఆ ఆసుపత్రికి నెలనెలా వాయిదాల్లో కడుతోంది. నేను పోయినేడాది మిగిల్చానని మురిసిపోయిన డబ్బు అదిగో, అక్కడికి పోయింది. ఆవిడ జేబులోంచి.

కాబట్టి ఈసారి డిడక్టిబుల్ ముట్టుకోను. వెనక్కి 2,500కి తగ్గించాలని అడిగాను గానీ ఆ రేటు నా వల్ల కాలేదు, అదీ మీకు చెప్పాలి.

ఇక మూడో దారి, కోత. ఇప్పుడు ఒక్కో మనిషి ప్రీమియంలో ముప్పావు వంతు షాపు కడుతుంది, పావు వంతు వాళ్ళ జీతంలోంచి పోతుంది. అది వాళ్ళ ఒక్కరి ప్రీమియం మాత్రమే. భార్యాపిల్లల్ని చేర్చుకుంటే ఆ ఖర్చంతా వాళ్ళదే, అందులో నేనేమీ పెట్టుకోలేకపోతున్నాను. కూరలు చేసే అతనికి ఇద్దరు పిల్లలు. ముగ్గుర్నీ చేర్చుకుంటే నెలకి 1,200 దాకా పోతుంది, ఇంటి అద్దె 1,500 కట్టే మనిషికి. అందుకని పిల్లలిద్దర్నీ రాష్ట్రం పిల్లల కోసం నడిపే చిప్ అనే ప్లాన్‌లో పెట్టాడు, భార్యకి ఏమీ లేదు. ఆదాయం తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్‌ని టెక్సాస్ విస్తరించలేదు, ఆమెకి అటువైపు కూడా దారి లేదు. మన మాస్టర్ ఒకసారి ఇదంతా విని, "మా అమ్మకి గుంటూరులో ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ అయింది సార్, ఇంత పెద్ద దేశంలో అలాంటిది ఒక్కటి లేదా?" అన్నాడు. ఏం చెప్పను.

ఇది మన షాపు గోల మాత్రమే కాదు. కేఎఫ్ఎఫ్ అనే సంస్థ ఏటా సర్వే చేస్తుంది, 2025లో అమెరికాలో ఉద్యోగం ద్వారా వచ్చే ఫ్యామిలీ ప్లాన్ సగటు ప్రీమియం ఏడాదికి 26,993 డాలర్లు, అంతకు ముందు ఏడాది కన్నా 6 శాతం ఎక్కువ. అందులో ఉద్యోగి వాటా సగటున 6,850. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకీ నవంబర్‌లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ప్లాన్ ఎంచుకునే రోజులు) మెయిల్ వచ్చే ఉంటుంది, జనవరి జీతం చీటీ చూసి ఉలిక్కిపడే ఉంటారు. మనుషుల్ని వేరే కంపెనీల పనికి పంపే కన్సల్టెన్సీలో ఉన్నవాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు, నేనూ ఆరేళ్ళు అక్కడ నలిగినవాణ్ణే: మొత్తం ప్రీమియం మన బిల్లింగ్ రేటులోంచే లాగి, "ఇన్సూరెన్స్ ఇస్తున్నాం" అంటారు. హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే వీసా మీద, ఉన్న భార్యకి ఉద్యోగం లేకపోతే ఇల్లంతా ఆ ఒక్క కార్డు మీదే.

అసలు ఉద్యోగానికీ ఇన్సూరెన్స్‌కీ ముడి వేసిందెవరని ఒకరోజు కూర్చుని చదివాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసిందట. మనుషులు దొరక్క కంపెనీలు జీతం బదులు ఇన్సూరెన్స్ ఆశ చూపించాయి. తర్వాత 1954లో దాని మీద ఉద్యోగికి పన్ను పడదని చట్టంలో రాసేశారు. యుద్ధం అయిపోయింది, ముడి మాత్రం మిగిలింది, దాని రెండో కొస ఇప్పుడు ఇర్వింగ్‌లో ఒక మీల్స్ హోటల్ వాడి చేతిలో ఉంది.

మొదటి దారి, ఎత్తేసి ఎవరిది వాళ్ళు మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వం పెట్టిన ఇన్సూరెన్స్ బజారు) కొనుక్కోమనడం, దాని గురించీ ఆలోచించాను, అబద్ధం ఎందుకు. కానీ మన పార్ట్‌టైమ్ వాళ్ళు ఇద్దరు అలాగే కొనుక్కుంటున్నారు, దానికి ప్రభుత్వం 2021లో పెంచిన సబ్సిడీ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది, జనవరిలో వాళ్ళ ముఖాలు చూశాక ఆ మాట ఎత్తబుద్ధి కాలేదు. నేనేమీ దానకర్ణుణ్ణి కాదు. మాస్టర్ వెళ్ళిపోతే అలాంటి పెసరట్టు వేసేవాణ్ణి వెతకడానికి నాకు ఆరు నెలలు పడుతుంది, అప్పటికి మీరు పక్క షాపుకి అలవాటు పడిపోతారు.

అందుకని ఈ ఏడాది పెరిగిన 7,200 మొత్తం షాపే పెట్టుకుంటుంది, స్టాఫ్ కోత పోయినేడాది ఎంతో ఈ ఏడాదీ అంతే. లెక్క ఇది: సోమవారం సెలవు, పండగలు తీసేస్తే 300 రోజులు, రోజుకి సగటున 50 మీల్స్, యాభై సెంట్ల చొప్పున 7,500. కార్డు ఫీజులు పోను కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. మిగిలేదేమీ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొన్ని హోటళ్ళు స్టాఫ్ హెల్త్ ఖర్చని బిల్లు కింద విడిగా ఒక లైన్ వేస్తాయి, ఇక్కడా వేయొచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. నాకు నచ్చలేదు. గ్యాస్ బిల్లు విడిగా వేస్తున్నామా, వీళ్ళ ఆరోగ్యం మాత్రం ఎందుకు విడిగా?

టిఫిన్ల రేట్లు మారవు. వారం బాక్సులూ, పచ్చళ్ళూ పాత రేటే. కేటరింగ్‌కి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకి ఒప్పుకున్న రేటే, మే నెల పెళ్ళిళ్ళతో సహా. మీల్స్ కూపన్ పుస్తకాలు కొన్నవాళ్ళు అయిపోయేదాకా వాడుకోండి, పైన యాభై సెంట్లు అడగం, ఎవరైనా అడిగితే నాకు చెప్పండి.

అక్క ఇప్పుడు బాగానే ఉంది, కౌంటర్‌కి వచ్చేస్తోంది. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి ఐదు పౌండ్ల లడ్డూ డబ్బాలు పై అరలోంచి మీరే దించుకోవాలి కొన్నాళ్ళు.