పుష్పం కాదురా, పుష్‌పమ్

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డం పడి కరెంటు లెక్కలు చెప్తావని ఇలా రాస్తున్నా. పూర్తిగా చదివాకే తిట్టు.

పోయిన ఆదివారం పోర్ట్‌లాండ్ నుంచి కొలంబియా నది వెంట కారేసుకుని పోయాం, మా పక్కింటి పెద్దాయన కూడా వచ్చాడు. మొదట్లో అంతా అడవి, జలపాతాలు. తర్వాత చెట్టన్నదే లేని బోడి కొండలు, అచ్చం అనంతపురం పోతున్నట్టే. జాన్ డే డ్యామ్ దగ్గర ఆగాం. ఆయన నది అవతల వాషింగ్టన్ రాష్ట్రం వైపు కొండ చూపించి "అదే పుష్‌పమ్" అన్నాడు. నేను పువ్వనుకుని నవ్వాను. యాకమా అని ఇక్కడి ఆదివాసీ తెగ, వాళ్ల మాటట. దుంపలన్నిటికీ తల్లి అని అర్థం.

ఆ కొండ మీదొక చెరువు, రెండు వేల అడుగులకు పైగా కింద ఇంకొకటి కట్టి 1,200 మెగావాట్ల గోల్డెన్‌డేల్ ప్రాజెక్టు పెడతామంటున్నారు. ఎలా పనిచేస్తుందో నీకు నేను చెప్పేదేముంది, శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్‌కి నన్ను తీసుకెళ్లి ఆ ఆరు మెషీన్లూ వెనక్కి తిరిగి నీళ్లు పైకి తోడతాయని గంటసేపు చెప్పింది నువ్వేగా! ఇక్కడ నదికి కొత్తగా అడ్డుకట్ట కూడా వేయరు. మన పిన్నాపురం ప్రాజెక్టులోలా ఒకసారి నీళ్లు నింపి, కరెంటు మిగిలినప్పుడు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తూ రెండు చెరువుల మధ్య తిప్పుకోవడమే. కింది చెరువు వచ్చేది 2003లో మూతపడ్డ అల్యూమినియం ఫ్యాక్టరీ స్థలంలో. ఆ మురికి కొంత శుభ్రమవుతుంది కూడా. పైన గాలిమరలు ఎలాగూ తిరుగుతున్నాయి. కాగితం మీద ఇంతకంటే మంచి చోటు నువ్వూ చూపించలేవు.

చిక్కు పైచెరువు దగ్గరే. యాకమా వాళ్లు తరతరాలుగా వసంతంలో దుంపలు తవ్వుకునే, ఆకుకూరలు కోసుకునే కొండ అది. వాళ్లకి ముందు దుంపలకీ, సాల్మన్ చేపకీ పండగ చేశాకే తిండి. 1855లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో లక్షల ఎకరాలు వదులుకుంటూ కూడా చేపలు పట్టుకునే, దుంపలు తవ్వుకునే హక్కు మాత్రం రాయించుకున్నారు. అయినా ఏమైంది? ఇదే నది మీదున్న సెలైలో జలపాతం దగ్గర వేల ఏళ్లుగా చేపలు పట్టేవాళ్లు. 1957లో డాలెస్ డ్యామ్ గేట్లు దించితే కొన్ని గంటల్లో మునిగిపోయింది.

నన్ను పట్టి పీడిస్తున్నది ఇంకొకటి. అక్కడ ఏముందో, ఎక్కడుందో చెబితేనే కాపాడటం గురించి మాట్లాడగలమని, ఇలాంటి ప్రాజెక్టులకు లైసెన్సులిచ్చే ఫెడరల్ కమిషన్ రూలు. చెప్పినవి రికార్డులోకి ఎక్కి బయటపడతాయేమోనని యాకమా వాళ్ల భయం. పవిత్రస్థలాలు తవ్వుకుపోయేవాళ్లు తక్కువా? చెబితే పోతుంది, చెప్పకపోతే లేనట్టే. 2022లో వాషింగ్టన్ రాష్ట్రమే తన నివేదికలో తెగలకు జరిగే నష్టం పెద్దదే, తప్పించలేనిదేనని రాసింది. 2024లో కమిషన్ సిబ్బంది మాత్రం లైసెన్సు ఇవ్వొచ్చన్నారు.

మనం శ్రీశైలం కట్టినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టాం. దుంపలు మొలిచే నేలని ఏ లారీలో ఎక్కిస్తావు? అక్కడ గోపురం లేదు, గంట లేదు. అందుకే మనలాంటివాళ్ల కంటికి అది ఖాళీ కొండ. నేనూ చూసింది ఖాళీ కొండే, దాచను.

మన అల్లూరి జిల్లా ఎర్రవరం దగ్గరా ఇలాంటి ప్రాజెక్టే అనుకుంటున్నారుగా, ఆదివాసీలు వద్దంటున్నారని పేపర్లో చదివా. నువ్వు ఆ మధ్య అటువైపు డ్యూటీకి వెళ్లొచ్చావు. అక్కడి కొండల్ని వాళ్లేమని పిలుస్తారో అడిగావా? అడక్కపోతే ఈసారి అడుగు. ఇంజినీరు బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకుని మరీ అడుగు.

చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఆవకాయ అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు.

నీ,
రాఘవ