చిక్కడపల్లి బిల్డింగ్: తొందరపడి అడ్వాన్స్ ఇవ్వవద్దు

మిత్రులారా, మనం కలిసి కొందామనుకున్న పాత బిల్డింగ్ చూశాను. ఆరు పోర్షన్లు, ఒక్కోదానికి 12,000 అద్దె అంటున్నారు. ఏడాదికి 8.64 లక్షలు. అడుగుతున్నది 2.40 కోట్లు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, అంటే మరో 18 లక్షలు. ఆస్తి పన్ను, మరమ్మతులు, పోర్షన్లు ఖాళీగా ఉండే నెలలు తీసేస్తే చేతికి ఆరున్నర లక్షలు మిగిలితే గొప్ప. రెండున్నర శాతం! బ్యాంకు డిపాజిట్ నయం. పైగా ఆ అద్దెలు యజమాని నోటి మాటే. ఒప్పందాలు, బ్యాంకు జమలు చూపమన్నాను, నసిగారు.

అసలు భయం మెట్ల కింద ఉంది. స్లాబు పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తున్నాయి. ముందు గోడకు మాత్రం కొత్త రంగు తళతళ! పై అంతస్తు బాత్రూమ్ గోడకు ఇవతల అరచేయి పెడితే చెమ్మ తగిలింది. మూడో అంతస్తు మంజూరైన ప్లాన్‌లో లేదేమోనని నా అనుమానం.

ఇక్కడ విలువంతా ఆ 180 గజాల నేలదే. కట్టడానికి పైసా కలపకుండా గజం లెక్కన బేరమాడదాం. 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయిస్తున్నాను. ఆదివారం ఉదయం స్ట్రక్చరల్ ఇంజనీరు వస్తారు, వీలున్నవారు చెప్పండి.