ఆ గురక నిద్ర కాదు

సంపాదకుల వారికి,

నేను తిరుపతిలో 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో అత్యవసర వైద్యం చేసే మనిషిగా, పనిచేస్తున్నాను. ఈమధ్య ఒక ఆదివారం పొద్దున రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తూ కూరగాయలకని బజార్లో ఆగాను. మునక్కాయలు ఏరుకుంటుంటే నాలుగు బండ్ల అవతల జనం మూగారు. మూటలు మోసే పెద్దాయన వెల్లకిలా పడి ఉన్నారు. పడగానే కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయట. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలగుత్తి పెట్టారు, మొహాన నీళ్లు చల్లారు. "ఏం కాలేదులేమ్మా, గురక పెడతా ఉండాడు, ఊపిరుంది" అంది పూలమ్మే అవ్వ.

అది ఎగశ్వాస. గుండె ఆగిన మనిషి కొద్దిసేపు అలా గురక పెట్టినట్టు, నోరు తెరిచి గాలి మింగినట్టు చేస్తాడు. మొదట్లో కాళ్లూ చేతులూ కొట్టుకోవడమూ ఉంటుంది. పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే గుండె ఆగిందనే అనుకోవాలి. మెదడుకు రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. నేను చేరేసరికే ఆ నిమిషాలు అయిపోయాయని పక్క కొట్టాయన మాటల్లో తెలిసింది.

డ్యూటీలో నాకు బ్యాగు, ఆక్సిజన్, పక్కన పైలట్ (అంబులెన్సు డ్రైవరు) అన్న, ఒంటిమీద యూనిఫాం ఉంటాయి. ఆరోజు నేను చుడీదారులో సంచి పట్టుకున్న ఆడమనిషిని. ఎదురొమ్ము మీద రెండు చేతులు పెట్టి నొక్కుతుంటే "ఎముకలు ఇరిగిపోతాయి, ఎవురమ్మా నువ్వు?" అని ఒకాయన నా భుజం పట్టి లాగాడు. పక్కటెముక విరిగినా అతుక్కుంటుంది. నేను 108 మనిషినని అరిచి చెప్పాల్సొచ్చింది. అప్పుడొక ఆటో తమ్ముడు ముందుకొచ్చి కూర్చున్నాడు. రెండు నిమిషాలు నేను, రెండు నిమిషాలు అతను. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. మావాళ్లు గుండెకు కరెంటు షాక్ ఇచ్చి ఎక్కించుకున్నారు.

పెద్దాయన బతకలేదు. "అక్కా, నా మీద కేసేమన్నా అవుతుందా?" అని ఆ తమ్ముడు అడిగిన మాట నన్ను ఇంకా వదల్లేదు. అంత సాయం చేసిన పిల్లాడికి ఆ భయం ఎందుకుండాలి? రోడ్డు ప్రమాదాల్లో ఆదుకున్నవాళ్లకు 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రక్షణ రాశారు. బజార్లో కుప్పకూలిన మనిషిని పట్టుకున్నవాళ్లకూ అంత స్పష్టంగా రాయాలి.

2005లో 108 మొదలయ్యాక ఎవరికి ఫోన్ చేయాలో అందరికీ తెలిసింది. ఫోన్ చేశాక చేతులతో ఏం చేయాలో తెలియలేదు. నోట్లో ఊదడం రాకపోయినా ఫరవాలేదు. ఎదురొమ్ము నడిమధ్య, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి.

దీన్ని మీ జిల్లా పేజీలో బొమ్మతో, కొట్టు గోడకు అంటించుకునేంత పెద్దగా వేయండి. సెలవు దొరికిన ఆదివారం నేను దిండు పట్టుకుని అదే బజారుకు వెళ్తాను. ముందుగా పూల అవ్వకే చూపిస్తాను.

— ఒక 108 ఈఎంటీ, తిరుపతి