ఉమ్మడి సర్వర్‌కు ఉమ్మడి పాస్‌వర్డ్ తగదు

సంపాదకులు గారికి,

నగరంలో రెండు మూడు పరిశోధన సంస్థలు కలిసి ఒకే సర్వర్‌ను వాడుకోవడం ఈ రోజుల్లో మామూలైంది. ఒక్కో సంస్థకూ విడిగా కొనుక్కునే స్తోమత ఉండదు కాబట్టి ఇది మంచి పద్ధతే. అయితే ఆ సర్వర్‌లోకి ఎవరు, ఎంతవరకు, ఎప్పటిదాకా రావచ్చన్న సంగతిని ఒప్పంద పత్రాల్లో రాసుకోకపోతే ఎంత నష్టం జరుగుతుందో స్వయంగా చూసినవాణ్ణి కనుక ఈ లేఖ రాస్తున్నాను.

నేను అలాంటి ఒక ప్రయోగశాలలో సర్వర్ల నిర్వహణ చూస్తాను. కిందటేడు వేసవిలో ఒక సోమవారం పొద్దున వచ్చి చూసేసరికి ఉమ్మడి ప్రాజెక్టు ఫోల్డర్ సగం ఖాళీగా ఉంది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ నమోదు చేసుకునే చిట్టా, అంటే లాగ్, తెరిస్తే ఒకే యూజర్ ఐడీ కనిపించింది. దాన్ని మూడు సంస్థలకు చెందిన 19 మంది వాడుతున్నారు, పాస్‌వర్డేమో మానిటర్ అంచున పసుపు కాగితం మీద రాసి అంటించి ఉంది. వారిలో ఇద్దరు ఉద్యోగం మానేసి అప్పటికే 8 నెలలైంది. బ్యాకప్ నుంచి చాలావరకు తిరిగి తెచ్చుకోగలిగినా, ఒక విద్యార్థిని 11 రోజులపాటు నడిపించిన లెక్కలు మాత్రం దక్కలేదు. ఆ అమ్మాయికి ఏం జవాబు చెప్పాలో మాకెవరికీ తోచలేదు.

సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఇంతమందికి ఒకే ఐడీ ఉన్నచోట ఆ లాగ్‌లను ఎన్నాళ్లు దాచినా ఎవరు ఏం చేశారో తేలదు.

దీనికి దారి కొత్తగా వెతకనక్కర్లేదు. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలను కలిపే కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ అనే ఉమ్మడి లాగిన్ ఏర్పాటు ద్వారా విద్యార్థులు ఇంటి దగ్గరి నుంచే పరిశోధన పత్రికలు చదువుకుంటున్నారు. విద్యార్థి తన విశ్వవిద్యాలయం పేజీలోనే లాగిన్ అవుతాడు. ప్రచురణ సంస్థకు పాస్‌వర్డ్ చేరదు, ఇతను మా విద్యార్థేనన్న హామీ మాత్రం చేరుతుంది. సర్వర్లకూ ఇదే పద్ధతి పెట్టాలి. మనిషి ఎవరన్న పూచీ అతని సొంత సంస్థది. లోపల ఏ ఫోల్డర్ తెరవవచ్చో, ఎంత వాడవచ్చో నిర్ణయించే హక్కు సర్వర్ ఉన్న సంస్థది. ఆధార్, ఫోన్ నంబర్ల జాబితాలను ఈమెయిళ్లలో పంపుకునే అవసరం కూడా దీనితో తప్పుతుంది.

సొంత సంస్థ రికార్డులు సరిగా లేకపోతే మాత్రం ఆ పూచీకి విలువ లేదు. ఉద్యోగి వెళ్లిపోయేటప్పుడు నో డ్యూస్ ఫారంపై లైబ్రరీ, స్టోర్స్, అకౌంట్స్ సంతకాలు పెట్టించుకుంటాం. ఒక్క పుస్తకం బాకీ ఉన్నా రిలీవింగ్ ఆర్డర్ ఆగుతుంది. మా ఫారంలో యూజర్ ఐడీ రద్దుకు మాత్రం గడి లేదు. ఆ గడిని చేర్చాలని, అవగాహన ఒప్పందాల్లో ప్రతి అనుమతికీ ముగింపు తేదీ రాయాలని, ఎవరైనా వెళ్లిపోతే ఆ కబురు అదే రోజు భాగస్వామి సంస్థకు అందేలా చూడాలని సంస్థల అధిపతులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక సర్వర్ నిర్వాహకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్