సంగతులు రాయి తల్లీ

చిట్టితల్లీ,

మొన్న వీడియో కాల్‌లో "ఇక్కడ పేరు గుర్తు రాకపోతే దేన్నైనా డింగ్స్ అనేస్తారు నాన్నా, మనం 'అదేదో' అన్నట్టు" అన్నావు. అప్పటినుంచి ఆ మాట వెంటపడ్డాను. జర్మన్ డింగ్, ఇంగ్లీషు థింగ్ అక్కాచెల్లెళ్లు. వాటి పుట్టింటి కథ నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మొదట్లో ఆ మాటకు వస్తువుతో పనే లేదు. ఊళ్లవాళ్లు ఒకచోట చేరి తగవులు తీర్చుకునే సభను థింగ్ అనేవారు. 930 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో థింగ్‌వెల్లిర్ అనేచోట దేశమంతటికీ ఒక సభ మొదలుపెట్టారు. దాని పేరు అల్‌థింగ్. చట్టం ఇంకా కాగితమెక్కని రోజులవి. చట్టం తెలిసిన పెద్ద ఒకాయన రాతిగుట్ట మీద నిలబడి, ఏడాదికి మూడో వంతు చొప్పున, మూడేళ్లలో మొత్తం చట్టాన్ని నోటితో చెప్పేవాడు! చల్లగాలిలో, ఆరుబయట, వందలమంది నిలబడి వినడం తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది. ఇప్పటికీ ఐస్‌లాండ్ పార్లమెంటుది అదే పేరు. నార్వేలో స్టోర్‌టింగ్, డెన్మార్క్‌లో ఫోల్కెటింగ్.

అన్నట్టు, నీ డీన్స్‌టాగ్‌లో, అంటే జర్మన్ మంగళవారం పేరులో కూడా ఈ సభే ఉందంటారు. బ్రిటన్‌లో రోమన్ల గోడ దగ్గర జర్మానిక్ సైనికులు నిలిపిన ఒక రాతి మీద 'మార్స్ థింక్సస్' అని ఉంది, అంటే సభను కాచే కుజుడు. మనకూ అది కుజుడి వారమే కదా!

మరి సభ పేరు వస్తువుకెలా వచ్చింది? సభకు వచ్చిన తగవునూ థింగ్ అన్నారు. తర్వాత మాట్లాడుకునే విషయం ఏదైనా థింగే అయింది. చివరికి బల్ల, చెంబు, చెప్పు అన్నీ అందులోకే వచ్చేశాయి. లాటిన్‌లో వ్యాజ్యమనే అర్థమున్న 'కౌసా' కూడా ఇలాగే ఫ్రెంచిలో షోజ్, ఇటాలియన్‌లో కోసా అయి వస్తువులకు పేరైంది.

ఇది చదువుతుంటే మన 'సంగతి' గుర్తొచ్చింది. సంస్కృతంలో దానికి కలిసి రావడం, కూడిక అని అర్థం. మనది కోర్టు మెట్లెక్కలేదు గానీ, నలుగురు కలవడం నుంచి చెప్పుకునే విషయం దాకా అదీ నడిచింది.

ఫోన్ ఎత్తగానే నేనడిగే మొదటి మాట "ఏంటి సంగతులు?" అనే కదా. "ఏం లేవు నాన్నా" అంటావు నువ్వు. ఈసారి అలా అనకు. పక్క రూమ్ అమ్మాయితో ఏం వండుకున్నారో, ఆ దగ్గు తగ్గిందో లేదో, పరీక్ష టెన్షన్ ఎంతుందో, అన్నీ చెప్పు. అమ్మ కూడా పక్కనే కూర్చుని వింటుంది.

ప్రేమతో,
నాన్న